తొమ్మిది ముందు రెండు

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడ లోపల ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో, మూడేళ్ళ పాటు నా పని ఇనుమును విరగ్గొట్టడం. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంట్లో గాజు గ్లాసులు విరగ్గొడితే అమ్మ తిట్టేది. ఇక్కడ జీతమిచ్చి మరీ విరగ్గొట్టిస్తున్నారేంటే!" అంది. అక్క అప్పటికే ఎన్నో ఏళ్ళుగా అబుదాబి ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తోంది. మాది కోనసీమ. నేను మెటలర్జీలో డిప్లొమా చేసి, కాకినాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేసి, అక్క ఉన్న చోటే కదా అన్న ధైర్యంతో ఈ దేశం వచ్చాను.

విరగ్గొట్టడమంటే ఊరికే కాదు. యార్డుల్లో పైపులు వెల్డింగు మొదలుపెట్టే ముందు, అదే పద్ధతిలో ఒక నమూనా ప్లేటు వెల్డింగు చేసి మాకు పంపిస్తారు. చలిదేశాలకు వెళ్ళే పైపులైతే, ఆ ప్లేటు నుంచి వేలెడంత కడ్డీలు కోసి, నడుమ చిన్న గాటు పెట్టి, మైనస్ నలభై ఆరు డిగ్రీల చలి ఉన్న ద్రావకంలో ముంచుతాం. బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. లోపల నా గ్లౌజుల మీద తెల్లగా మంచు పేరుకునేది. పట్టకారుతో కడ్డీని తీసి, అయిదు సెకన్లలోపు యంత్రం మీద పెట్టి మీట లాగితే, పైనుంచి పెద్ద సుత్తి ఊగుతూ వచ్చి కొడుతుంది. కడ్డీ ఎంత దెబ్బ ఓర్చుకుని విరిగిందో ముల్లు చూపిస్తుంది. మంచి ఇనుము విరిగేటప్పుడు కూడా కాస్త సాగుతుంది. చప్పుడు మొద్దుగా ఉంటుంది, విరిగిన చోట బూడిదరంగులో పీచుపీచుగా కనిపిస్తుంది. చెడిన ఇనుము టప్పుమని పోతుంది. విరిగిన చోట పంచదార పలుకుల్లా తళతళలాడుతుంది. కొన్నాళ్ళకి ముల్లు వైపు చూడకుండానే, చప్పుడు విని చెప్పగలిగేదాన్ని.

కడ్డీలు కోసే మెషీనిస్టు కడప జిల్లా నుంచి వచ్చిన ముస్లిం పెద్దాయన. ఇరవై రెండేళ్ళుగా అదే ల్యాబ్‌లో, అదే పాత మెషీన్ దగ్గర ఉన్నారు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను పాపా అనేవారు. ల్యాబ్ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

2021 వేసవిలో దగ్గర్లోని ఒక యార్డు నుంచి పెద్ద పని వచ్చింది. ఆ పైపులు వెళ్ళేది కాస్పియన్ సముద్రానికి. బడిలో పటం మీద ఎప్పుడో చూసి మరిచిపోయిన పేరు. దాని గురించి నాకు చెప్పింది పైపులు కొంటున్నవాళ్ళ తరఫున వచ్చే ఇన్‌స్పెక్టరు. ఆయన కజాఖ్ మనిషి, యాభై దాటాయి, ఆ సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగాడు. దుబాయ్‌లో ఉంటూ, పరీక్షలున్న రోజున కారు వేసుకుని మా ల్యాబ్‌కి వచ్చి, నేను కడ్డీలు విరగ్గొడుతుంటే పక్కన నిలబడి చూసి సంతకం పెట్టేవాడు. మధ్యలో టీ తాగుతున్నప్పుడు గ్లౌజుల డబ్బా అట్ట చింపి, దాని వెనక పెన్నుతో బొమ్మ గీశాడు.

"ఇదీ సముద్రం. అయిదు దేశాలు చుట్టూ కూర్చున్నాయి. మేము, రష్యా, అజర్‌బైజాన్, ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్. బయటికి దారి లేదు. మీ సముద్రంలా ఓడ ఎక్కించి ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్మడం కుదరదు. మా చమురు అమ్ముకోవాలంటే ముందు పొరుగువాడి గడప దాటాలి. అతను తలుపేస్తే మా నూనె మా బావుల్లోనే ఉంటుంది."

"మరి ఈ పైపులు ఎలా వెళ్తాయి సార్?"

"ఇక్కడి నుంచి సూయెజ్ దాటి, నల్లసముద్రం దాటి, తర్వాత రెండు నదులూ ఒక కాలవా పట్టుకుని పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగాలి. చలికాలం కాలవ గడ్డకడుతుంది. మూసేస్తారు. వసంతం దాకా ఎవరూ కదలరు."

ఆయన ఊరి దగ్గర సముద్రం లోతు తక్కువట. చలికాలంలో మైళ్ళ కొద్దీ గడ్డకట్టిపోతుందట. ఆ గడ్డ కిందనుంచి వచ్చే గ్యాస్‌లో విషం ఎక్కువ. "రెండుసార్లు గట్టిగా పీలిస్తే మూడోసారి పీల్చరు" అన్నాడు, టీ కప్పు కింద పెడుతూ. ఆయన తమ్ముడు అక్కడే సముద్రం మధ్య ప్లాంటులో పనిచేస్తాడు. మెళ్ళో మాస్కు తగిలించుకుని నిద్రపోతాడట.

ఆ మాట నాలో నిలిచిపోయింది. మా ఊళ్ళో కూడా కొబ్బరితోటల కిందనుంచి గ్యాస్ పైపు పోయేది. నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు పంటకాలవలో నీళ్ళు ఎసరులా బుడబుడమని పొంగాయి. ఎవరో అరుచుకుంటూ వచ్చి పొయ్యిలన్నీ ఆర్పేయమన్నారు. రెండు రోజులు ఊరంతా బడి వరండాలో కూర్చుని అటుకులు తింది. ఏమీ కాలేదు. కానీ ఆ రెండు రోజులు మా నాన్న బీడీ కూడా వెలిగించకుండా, నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చోవడం నాకు గుర్తు. అందుకే పైపు అంటే నాకు ఎక్కడో ఎడారిలో ఉండే వస్తువు కాదు. ఇంటి వెనకాల ఉండే వస్తువు.

ఆగస్టు చివర ముఖ్యమైన ప్లేటు వచ్చింది. సముద్రం అడుగున పోయే లావుపాటి పైపుల వెల్డింగుకి నమూనా అది. ఆ రోజు ఇన్‌స్పెక్టరు రావాలి. కానీ అప్పటికింకా దుబాయ్ నుంచి అబుదాబిలోకి రావాలంటే కరోనా పరీక్ష కాగితం చూపించాలి. ఆయన కాగితం వేళకి రాలేదు, సరిహద్దు దగ్గర కారు వెనక్కి తిప్పేశారు. మా ల్యాబ్ మేనేజరు, అందరూ ముదీర్ అనేవాళ్ళు, నా దగ్గరికి వచ్చి "ఆయన కోసం ఆగొద్దు. మనం కొట్టి చూసుకుందాం. యల్లా, కానివ్వు" అన్నాడు. ఆయనా ఇండియా మనిషే. మాతో హిందీలో మాట్లాడేవాడు. చెడ్డవాడని ఇప్పటికీ అనను. నాకు జ్వరమొస్తే తన కారులో క్లినిక్‌కి పంపించాడు. కాకపోతే యార్డు నుంచి ఫోను వస్తే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

మొదటి కడ్డీ ముప్ఫై ఒకటి చూపించింది. రెండోది ఇరవై ఎనిమిది. మూడోది విరిగిన చప్పుడుకే నా చెయ్యి మీట మీద ఆగిపోయింది. టప్పుమంది. ముల్లు తొమ్మిది దగ్గర నిలబడింది. ఏ ఒక్క కడ్డీ కూడా ఇరవైకి తగ్గకూడదు. ముక్కలు ఏరి చూశాను. విరిగిన మొహం మెరుస్తోంది. అదే వరసలోని అదనపు కడ్డీలు ఇంకో రెండు కొట్టాను. పదకొండు. ఎనిమిది.

ముదీర్ కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత పెన్ను నా ముందు పెట్టాడు.

"ఆఖరి రెండూ రాయొద్దు. అవి లెక్కలోకి రావు. ఈ తొమ్మిది ముందు రెండు పెట్టు. ఇరవై తొమ్మిది. ఖలాస్."

"అది తొమ్మిదే సార్."

"నీకు తెలుసా యార్డులో ఏం జరుగుతోందో? అక్టోబరు మొదటి వారంలో పైపులు మోసే బార్జ్ బయల్దేరాలి. లేకపోతే కాలవ మూసేస్తారు. ఆరు నెలలు పోతాయి. ఒక్క అంకె కోసం ఆరు నెలలా?"

"అంకె నేను వెయ్యలేదు కదా సార్. ముల్లు చూపించింది, నేను రాశాను."

ఆయన గొంతు తగ్గించాడు. కోపం వచ్చినప్పటికంటే అలా తగ్గించినప్పుడే నాకు భయమేసింది. "చూడమ్మా, ఆ పైపులు నీ ఊరికి వెళ్ళవు, నా ఊరికి వెళ్ళవు" అన్నాడు.

"ఎవరి ఊరికో ఒకరి ఊరికి వెళ్తాయి కదండీ" అన్నాను. హిందీలో మొదలుపెట్టిన మాట చివర 'అండీ' ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆయనకి అర్థమైందో లేదో, పెన్ను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అక్కకి ఫోను చేశాను. అక్క వినీ వినగానే గొంతు పెంచింది. "ఎందుకే నీకీ గొడవ? నువ్వేమన్నా వెల్డింగు చేశావా? రాయమన్నది రాసిచ్చేయ్. వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తే ఏం చేస్తావు?"

"సంతకం నాది అక్కా."

"నీ సంతకం ఎవరు చూస్తారే!"

నిజమే. ఎవరూ చూడరు. అడుగున ఏ మూలో, చిన్న అక్షరాల్లో, పరీక్ష చేసినవారు అన్న గీత మీద నా సంతకం. కానీ ఆ కాగితం మొత్తం మీద నాది అనిపించుకునేది ఆ ఒక్క గీతే. అది కూడా వాళ్ళకి ఇచ్చేస్తే ఇక నేను అక్కడ ఎందుకు నిలబడ్డట్టు?

నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. అయిదో రోజు యార్డు నుంచి ఒక ప్లేటు ముక్క వచ్చింది. మొదటి ప్లేటులోనే మిగిలిన భాగమని, మళ్ళీ పరీక్ష చేయమని కాగితం. నిబంధనల్లో మళ్ళీ పరీక్షకి చోటుంది. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. బాబాయ్ దాన్ని మెషీన్ మీదికి ఎత్తి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత మెషీన్ ఆపేసి నన్ను పిలిచారు.

"పాపా, ఇట్లా రా. ఈ నంబరు సూడు. ఎప్పుడు కొట్టినారనుకుంటాండావు?"

ప్లేటు మీద సుత్తితో కొట్టిన నంబరు మొదటి ప్లేటు నంబరే. కానీ గుంటల లోపల ఇనుము కొత్తగా మెరుస్తోంది. మొదటి ప్లేటు మీద ఆ గుంటల్లో తుప్పు ఉండేది.

"నిన్నో మొన్నో కొట్టినారు" అన్నారు బాబాయ్. "ఇది ఆ ప్లేటు గాదు. అంచు నున్నగ చేసి యాసిడ్ పూసి సూద్దాం పట్టు."

వెల్డింగు అంచుని నున్నగా చేసి యాసిడ్ పూస్తే, ఎన్ని పొరలుగా వేశారో గీతలు తేలి కనబడతాయి. ఈ ప్లేటులో సన్నసన్నగా తొమ్మిది పొరలు. ఓపికగా, ఇనుము వేడెక్కిపోకుండా వేసిన వెల్డింగు. బాబాయ్ తన బల్ల కిందినుంచి నూనెగుడ్డలో చుట్టిన ముక్క ఒకటి తీశారు. మొదటి ప్లేటులో కోయగా మిగిలింది. దాని అంచుకీ యాసిడ్ పూశాం. నాలుగే పొరలు. బాగా లావువి. తొందరలో ఒకేసారి ఎక్కువ ఇనుము పోస్తే అలా అవుతుంది. వేడికి పక్కనున్న ఇనుము పెళుసెక్కుతుంది. చలి తగిలితే గాజే.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. యార్డులో అప్పటికే ఎన్నో పైపుల జాయింట్లు అయిపోయాయి. అవన్నీ నాలుగు పొరలతో వేసినవే అయి ఉంటాయి. కాగితం మాత్రం తొమ్మిది పొరల ప్లేటుతో పాసవుతుంది.

నేను ముదీర్ గదికి వెళ్ళి, ఈ కడ్డీలు నేను కొట్టనని చెప్పాను. బాబాయ్ బల్ల కింద ముక్క సంగతి చెప్పలేదు. నంబరు కొత్తగా కొట్టినట్టుంది, ఇది అదే ప్లేటు కాదు, అంతే అన్నాను. ఆయన టేబుల్ మీది కాగితాలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "రేపటి నుంచి కాంక్రీటు షెడ్డులో పనిచెయ్" అన్నాడు.

కాంక్రీటు షెడ్డు ల్యాబ్ వెనకాల ఉంటుంది. రేకుల కప్పు. బిల్డింగుల సైట్ల నుంచి వచ్చిన కాంక్రీటు దిమ్మల్ని మోసుకెళ్ళి మెషీన్ కింద పెట్టి నలగ్గొట్టడం పని. సెప్టెంబరులో ఆ షెడ్డులో పదినిమిషాలు నిలబడితే మాస్కు తడిసి మూతికి అతుక్కునేది. నేను అలిసిపోయి నేనే వచ్చి సంతకం పెడతానని ఆయన అనుకున్నట్టున్నాడు. రోజూ మధ్యాహ్నం షెడ్డు గుమ్మం దాకా వచ్చి, ఒక నిమిషం నిలబడి వెళ్ళేవాడు. నేను దిమ్మ ఎత్తుకుని ఆయన పక్కనుంచే నడిచేదాన్ని. నడుము పడిపోయేది. గదికొచ్చి చొక్కా విప్పడానికి చేతులు లేచేవి కావు. కానీ నిజం చెబుతున్నాను, ఆ రెండు వారాలూ నాకు లోపల ఎక్కడా తల వంచుకోవాలనిపించలేదు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే దిమ్మలు మోశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు రానే వచ్చింది. అప్పటికి సరిహద్దు దగ్గర కాగితాలు చూడడం మానేశారు. పదిగంటలకి ఆయన కారు ఆగడం షెడ్డులోంచి చూశాను. లోపల నా చోట ఇంకో టెక్నీషియన్‌ని నిలబెట్టారు. ద్రావకం చల్లబడేలోపు సిగరెట్టు కాల్చుకుందామని ఇన్‌స్పెక్టరు వెనకవైపు వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు. నా చేతులు మోచేతుల దాకా సిమెంటు.

"నువ్వు సెలవు మీద ఇండియా వెళ్ళావన్నారే?"

"లేదు సార్. ఇక్కడే ఉన్నాను."

"ఇక్కడ ఎందుకున్నావు?"

రెండు వారాలుగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని మనసులో ఎన్నో జవాబులు అల్లుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు. "మీరు రాని రోజు మొదటి ప్లేటు నేనే విరగ్గొట్టాను సార్. తొమ్మిది వచ్చింది. ఇవాళ మీకు చూపించేది ఆ ప్లేటు కాదు" అన్నాను.

ఆయన సిగరెట్టు వెలిగించలేదు. దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టుకుని, "నాతో రా" అన్నాడు.

సిమెంటు చేతులతోనే లోపలికి వెళ్ళాను. ముదీర్ మొహంలో రంగు మారింది. ఇన్‌స్పెక్టరు ఆయనతో మెల్లగానే మాట్లాడాడు. "మొదటి ప్లేటులో మిగిలిన ముక్క చూపించండి."

"అది తుక్కులో పోయింది" అన్నాడు ముదీర్. "ఈ అమ్మాయికి ఆ రోజు సరిగా అర్థం కాలేదు. మెషీన్ కొంచెం..."

"పని అయ్యేదాకా ముక్కలు ఉంచాలి కదా?"

"ఉంచాలి. కానీ పొరపాటున..."

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. బాబాయ్ పేరు నా నోట రాకూడదని పళ్ళు బిగించుకున్నాను. ఆయనకి యాభై ఏడేళ్ళు. ఆ వయసులో ఇక్కడ పని పోతే ఇంకొకరు పెట్టుకోరు. ఆయన కూతురి చదువు ఇంకా నడుస్తోంది. అంతలో మూలనున్న కోత మెషీన్ చప్పుడు ఆగిపోయింది.

"పోలేదు సార్" అన్నారు బాబాయ్, హిందీలో. "నా దగ్గరుంది."

బల్ల కిందినుంచి నూనెగుడ్డ మూట తీసుకొచ్చి అందరి మధ్యా టేబుల్ మీద పెట్టారు. ముదీర్ "దాన్ని పడేయమన్నాను కదా!" అని అరిచాడు. అరిచాక, తానేమన్నాడో తనకే తెలిసింది. బాబాయ్ నా వైపు తిరిగి తెలుగులో, "పడేయమనె. నేను పడేయల్యా. అంతే గదా పాపా" అన్నారు.

ఇన్‌స్పెక్టరు తానే దూది తీసుకుని ఆ ముక్క అంచుకీ, కొత్త ప్లేటు ముక్క అంచుకీ యాసిడ్ పూశాడు. గీతలు తేలుతుంటే వంగి, తన భాషలో వేలితో లెక్కపెట్టాడు. ఒక ముక్క మీద నాలుగు. ఇంకో ముక్క మీద తొమ్మిది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. చెయ్యి కడుక్కుని, ముదీర్‌ని అడిగింది ఒక్కటే: "ఇలా నాలుగు పొరలతో యార్డులో ఎన్ని జాయింట్లు వేశారు?"

ముదీర్ యార్డుకి ఫోను చేయబోయాడు. ఇన్‌స్పెక్టరు రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని యార్డుకి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర బాబాయ్‌కి చెయ్యి గుండె మీద పెట్టి తల వంచాడు.

యార్డులో ఆ జాయింట్లన్నీ కోసేసి మళ్ళీ వేశారని తర్వాత తెలిసింది. అక్టోబరు బార్జ్ ఆ పైపులు లేకుండానే వెళ్ళిపోయింది. చలికాలమంతా అవి టార్పాలిన్లు కప్పుకుని యార్డులోనే పడి ఉండి, కాలవ తెరిచాక వసంతంలో కదిలాయి.

ముదీర్ నన్ను ఇన్‌స్పెక్టరు వచ్చిన వారం చివరే పిలిచాడు. ఎదురుగా కూర్చోమన్నాడు. కళ్ళ కింద వాచి ఉంది. "ఏం సాధించావు?" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగినట్టు అనిపించింది.

"ఏమీ లేదు సార్. తొమ్మిదిని తొమ్మిది అన్నాను."

"నీ కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. మళ్ళీ రాయడం లేదు."

"సరే సార్."

బాబాయ్‌ని ఏమీ చెయ్యలేకపోయారు. ఆ పాత మెషీన్ ఆయన చేతికి తప్ప లొంగదు. ఆయన ఒక రోజు మానేస్తే ల్యాబ్ సగం ఆగిపోతుంది. "నన్ను తీసేస్తే ఈ మెషీన్ని గూడా నాతో పంపీమంటా" అని నవ్వేవారు. కానీ ఆ నెల ఆయన నమాజు చాప రోజూ కన్నా ఎక్కువసేపు పరిచి ఉండడం నేను గమనించాను.

ఆఖరి రోజున నాకు ఒక కాగితం ఇచ్చారు. నేనే ఉద్యోగం వదిలిపోతున్నట్టు, కారణం వ్యక్తిగతమని టైపు చేసి ఉంది. కింద సంతకం పెట్టమన్నారు. నేను ఆ మాట కొట్టేసి, పక్కన 'పరీక్ష ఫలితం మార్చడానికి ఒప్పుకోనందువల్ల' అని రాసి సంతకం పెట్టాను. ఆఫీసు అమ్మాయి దాన్ని లోపలికి తీసుకెళ్ళి, ఇంకో ప్రింటు తెచ్చింది. మళ్ళీ కొట్టేసి మళ్ళీ అదే రాశాను. మూడోసారి తెచ్చింది. పాపం, ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "దీదీ, ప్లీజ్" అంది. "నీ మీద కోపం లేదమ్మా, ఇంకా కాగితాలుంటే తీసుకురా" అన్నాను. నాలుగోసారి వచ్చిన కాగితంలో కారణం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ. దాని మీద సంతకం పెట్టాను.

వీసా క్యాన్సిల్ అయ్యాక దేశంలో ఉండనిచ్చే రోజులు కొద్దిగానే ఉంటాయి. అన్ని ల్యాబ్‌లకీ దరఖాస్తులు పంపాను. రెండు చోట్ల పిలిచి, పాత మేనేజరుకి ఫోను చేసి, మళ్ళీ పిలవలేదు. మూడోది దుబాయ్‌లో, అల్ కుసైస్ పారిశ్రామికవాడలో ఒక చిన్న ల్యాబ్. దాన్ని నడిపే మనిషి సుడాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. నా కాగితాలు తిరగేసి, "అక్కడ ఎందుకు మానేశారు?" అని అడిగింది.

అప్పటికి నాతో గదిలో ఉండే అమ్మాయిలు నాకు ఎన్నో నేర్పించారు. ఇంటి సమస్యలని చెప్పు, ఆరోగ్యం బాగాలేదని చెప్పు అని. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇక్కడా అడిగేవాళ్ళుంటారు. కస్టమర్లు ఎక్కడైనా కస్టమర్లే" అంది.

"అడగనివ్వండి మేడం. మీరు అడుగుతారా, అది చెప్పండి" అన్నాను.

ఉద్యోగం అడగడానికి వచ్చినదాన్ని, అడగాల్సిన మాటేనా అది? ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అడగను. సోమవారం రా" అంది.

అప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గది. పొద్దున బస్సు. ఎక్కువగా చిన్న పనులు, లిఫ్టుల బోల్టులు, వాటర్ ట్యాంకుల వెల్డింగులు. బాబాయ్ అప్పుడప్పుడు ఫోను చేస్తారు. ముదీర్ ఇప్పుడు మిగిలిన ముక్కలన్నిటికీ ఒక అలమర చేయించి, తాళం తానే పెట్టుకుంటున్నాడట. దానికి అర్థం ఏమిటో మేమిద్దరం ఎన్నిసార్లు మాట్లాడుకున్నా తేలలేదు.

కిందటేడు ఒక ఆదివారం అక్క నా గదికి వచ్చింది. పొద్దున పదింటికి, చేతిలో సంచీతో, బస్సు దిగి నడుచుకుంటూ. ఈ దేశం వచ్చాక నా గదికి ఆమె రావడం అదే మొదలు. ఎప్పుడూ నేనే వెళ్ళి ఆమె పనిచేసే ఇంటి వెనక గేటు దగ్గర నిలబడి మాట్లాడి వచ్చేదాన్ని. ఆమెకి వారంలో సెలవన్నది ఉండేది కాదు.

"ఏవైందక్కా? పంపించేశారా?" అన్నాను కంగారుగా.

"ఎందుకు పంపిస్తారే? ఇక నుంచీ ఆదివారాలు నాకు సెలవు."

"వాళ్ళే ఇచ్చారా?"

"ఇస్తారేంటి? అడిగాను." చెప్పులు విప్పి, మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుంది. "మొన్న మధ్యాహ్నం చుట్టాలొచ్చారు. ఇరవై మందికి వంట. పొయ్యి కట్టేసి, వెళ్ళి మేడం ముందు నిలబడ్డాను. వారానికో రోజు నాది అన్నాను. పొయ్యి వెలిగించు, తర్వాత మాట్లాడదాం అంది. మాట్లాడాకే వెలిగిస్తానన్నాను."

"అమ్మో! అలా ఎలా అన్నావక్కా?"

"ఏమో. గోడ పట్టుకుని నిలబడ్డానే బాబూ."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ రోజు ఏదో వండుకుందామనుకున్నాం గానీ అక్క పొయ్యి వైపు చూడనంది. కింద హోటల్లో బిర్యానీ తెచ్చుకుని తిన్నాం. తర్వాత ఆమె గోడవైపు తిరిగి పడుకుని, సాయంత్రం బస్సు వేళ అయ్యేదాకా నిద్రపోయింది. నేను లేపలేదు.